గుంటుపల్లి కొండ మీద రెండు వేల ఏళ్ళ ప్రదక్షిణం

కార్తీకమాసం వచ్చిందంటే మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి కాలు ఇంట్లో నిలవదు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, అరటిదొప్పల్లో దీపాలు, సోమవారం ఉపవాసం ఎలాగూ తప్పవు. ఆ పైన పంచారామాలు. ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, కృష్ణ ఒడ్డున అమరావతి. ఈ అయిదూ ఒక్క రోజులో చూపించి తీసుకురావడానికి ఆర్టీసీ వాళ్ళు ప్రత్యేకంగా బస్సులు కూడా వేస్తుంటారు. అర్ధరాత్రి లేచి, తలస్నానం చేసి, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆ బస్సెక్కని ఇల్లాలు మన వైపు అరుదు.

అయితే, ఇప్పుడు మనం చూస్తున్న ఆ అయిదు గుళ్ళ కన్నా ఎన్నో వందల ఏళ్ళు పెద్దదైన పుణ్యస్థలం ఒకటి మన పక్కనే ఉందనీ, అక్కడ కూడా ప్రదక్షిణం చేసే దారి కొండరాతిలో తొలిచిపెట్టి ఉందనీ మనలో ఎంతమందికి తెలుసు? అదే గుంటుపల్లి. అక్కడ గోపురం ఉండదు, ధ్వజస్తంభం ఉండదు, ప్రసాదం కౌంటరు అసలే ఉండదు. అందుకే కాబోలు, "అక్కడేముందమ్మా, నాలుగు రాళ్ళు తప్ప" అనేస్తారు చాలామంది. ఆ నాలుగు రాళ్ళ సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఎక్కడుంది, ఎలా వెళ్ళాలి?

గుంటుపల్లి గుహలున్న ఊరు జీలకర్రగూడెం. కామవరపుకోట మండలం. మొన్న మొన్నటి దాకా పశ్చిమగోదావరి జిల్లాలోది, 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. ఏలూరు నుంచి సుమారు నలభై కిలోమీటర్లు. రాజమండ్రి వైపు నుంచి వెళ్ళేవాళ్ళు కొవ్వూరు వంతెన దాటి, ద్వారకా తిరుమలలో చినవెంకన్నను దర్శించుకుని, కామవరపుకోట మీదుగా వెళ్ళొచ్చు. ఒక్క రోజులో రెండూ అయిపోతాయి. మేమూ అలాగే వ్యాను మాట్లాడుకుని వెళ్ళాం. మా అత్తయ్యగారు, మా ఆడపడుచు, పిల్లలు, పక్కింటి పిన్నిగారు.

డెల్టాలో పుట్టి పెరిగిన కళ్ళకి ఆ దారే కొత్తగా ఉంటుంది. కాలవలు, వరిచేలు, కొబ్బరితోటలు వెనకబడిపోయి మెట్ట మొదలవుతుంది. ఎర్రమట్టి, జీడిమామిడి, పామాయిల్ తోటలు. అలా వెళ్ళగా వెళ్ళగా గుర్రపు లాడంలా వంగిన కొండ కనిపిస్తుంది. ఆ వంపులోనే, కొండని తొలిచి, మెట్లు కట్టి, ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు కాపురం పెట్టారు. కాపురం అనకూడదేమో, సన్యాసులు కదా! కానీ నీళ్ళు, నీడ, పడక అన్నీ చూసుకుని స్థిరపడిన తీరు చూస్తే నాకు ఆ మాటే తోచింది.

రాతిలో చుట్టిల్లు

అన్నిటికన్నా ముందు చూడవలసింది గుండ్రటి గుహ. దీన్ని చైత్యం అంటారు. అంటే పూజ చేసుకునే చోటు. క్రీస్తు పూర్వం 2వ శతాబ్ది ప్రాంతానిదని చరిత్రకారులు చెబుతారు. అంటే రెండు వేల ఏళ్ళ పైమాటే.

లోపలికి వంగి వెళ్ళి తల పైకెత్తితే ఆశ్చర్యం వేస్తుంది. పైకప్పు గొడుగులా ఉంటుంది. గొడుగు ఊచల్లాగా రాతిలోనే వాసాలు, అడ్డకమ్మీలు చెక్కారు. కొండని తొలిచిన గుహకి వాసాలెందుకండీ? కూలిపోతుందనా? కానే కాదు. ఆ రోజుల్లో ఇళ్ళూ, గుళ్ళూ కర్రతో కట్టి గడ్డి కప్పేవారు. పూజాస్థలమంటే అలాగే ఉండాలని వాళ్ళ మనసులో పడిపోయింది. అందుకని రాతిలో కూడా కర్ర పనే చెక్కారు. మన కోస్తా పల్లెల్లో తాటాకు కప్పిన చుట్టిళ్ళు చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. నడిమి నుంచి చుట్టూరా దిగే వాసాలు, కింద గుండ్రటి గోడ. అచ్చం మన చుట్టిల్లే, రాతిలో. బీహారులో బరాబర్ కొండల్లో లోమశ ఋషి గుహ అని అశోకుడి కాలం నాటిది ఒకటుంది. దాని గుమ్మం మీద కర్రపనిలాంటి చెక్కడం చూసి, గుంటుపల్లి గుహకీ దానికీ పోలిక చెబుతారు. అంత దూరాన ఉన్న పనితనం మన మెట్టకొండల దాకా నడిచి వచ్చిందన్నమాట.

గుహ మధ్యలో స్తూపం ఉంటుంది. గుండ్రటి దిమ్మ మీద బోర్లించిన గిన్నెలాంటి రూపం. చుట్టూ మనిషి ఒక్కరు నడిచే ఇరుకు దారి. అదే ప్రదక్షిణ మార్గం. ఇద్దరు పక్కపక్కన పట్టరు, ఒకరి వెనక ఒకరు తిరగవలసిందే.

స్తూపం సంగతి తెలియని వారికి ఒక్క మాట. బుద్ధుడు కుశీనగరంలో పోయినప్పుడు ఆయన అస్థికలను ఎనిమిది భాగాలు చేసి పంచుకున్నారనీ, వాటి మీద స్తూపాలు కట్టారనీ బౌద్ధుల గ్రంథాలు చెబుతాయి. తర్వాత తర్వాత స్తూపం అంటేనే బుద్ధుడు అయిపోయాడు. ఆ తొలి రోజుల్లో విగ్రహం చెక్కే అలవాటు లేదు. స్తూపానికి పూలు పెట్టి, దీపం పెట్టి, కుడివైపుగా తిరిగేవారు. మనం తులసికోట చుట్టూ, రావిచెట్టు చుట్టూ తిరగడం లేదూ? అలాగే. బాపట్ల జిల్లాలో ఉన్న భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో తవ్వినప్పుడు అస్థికలు దాచిన రాతి పెట్టెలు, వాటి మీద అక్షరాలు దొరికాయి. మన తెలుగునేలలో దొరికిన అతి పాత రాతల్లో అవి ఉన్నాయి. మన కోనసీమలోనూ వైనతేయ పాయ దగ్గర ఆదుర్రులో బండిచక్రం ఆకారంలో కట్టిన ఇటుకల స్తూపం ఉంది. ఇదంతా ఎక్కడో ఉత్తరాదిన జరిగిన కథ కాదు, మన ఇళ్ళ చుట్టుపక్కలదే.

ధర్మలింగేశ్వరుడు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళకి ఇది స్తూపం కాదు. శివలింగం. ధర్మలింగేశ్వరస్వామి అని పిలుచుకుంటారు. శివరాత్రికి జనం వచ్చి మొక్కులు తీర్చుకుంటారు. మా అత్తయ్యగారు బయల్దేరిందీ ఆ స్వామి కోసమే. చిన్న ఇత్తడి చెంబులో గోదావరి నీళ్ళు, ప్రమిద, నువ్వులనూనె, వత్తులు, పసుపూ కుంకుమా అన్నీ సంచీలో సర్దుకున్నారు. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లు ఎక్కడమే ఆవిడకి ఒక తపస్సు.

గుహ గుమ్మంలో ప్రమిద తీయగానే కాపలా ఉన్న అబ్బాయి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మామ్మగారూ, లోపల దీపం వద్దండి."

"దేవుడి దగ్గర దీపం వద్దనడమేమిటి నాయనా? నేనేమన్నా దొంగతనానికొచ్చానా?"

"అయ్యో, మిమ్మల్ని రావద్దనడం లేదండి. తిరగండి, దండం పెట్టుకోండి, మీ ఇష్టం. ఇది ఇసుకరాయండి. నూనె పడితే పీల్చేసుకుంటుంది, కడిగినా రాదు. మీరొక్కరు పెట్టే దీపానికి ఏమవుద్దండీ? కానీ అందరూ పెడతారు కదండీ మరి."

మా ఆడపడుచు బి.ఎ. చదివింది, హిస్టరీ. ఆవిడ ఊరుకోలేదు. "అమ్మా, అసలిది శివుడు కాదు, బౌద్ధులది. బుద్ధుడికి అభిషేకం ఏమిటి చెప్పు?" అంది. అత్తయ్యగారికి కోపం వచ్చింది. "ఎవరిదైతేనేం? మా అమ్మమ్మ మొక్కింది, మా అమ్మ మొక్కింది. మీ పుస్తకాలు రాకముందు ఈ స్వామి లేడా?" అన్నారు. చీకటి గుహ ముందు తల్లీకూతుళ్ళిద్దరూ చెరో మాటా అనుకుంటుంటే, ఆ కాపలా అబ్బాయి ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాడు.

కాసేపటికి అత్తయ్యగారే లోపలికి వంగి చూసి, పైన ఆ రాతి వాసాలని చాలాసేపు పరకాయించారు. "కట్టెలపొయ్యి రోజుల్లో మా వంటింటి దూలాలు ఎలా ఉండేవో గుర్తుందే? ఏటా సున్నం వేయించినా మసి పోయేది కాదు" అన్నారు నాతో. ప్రమిద మళ్ళీ సంచీలో పెట్టేశారు. గోడ పట్టుకోకుండా, నెమ్మదిగా మూడు ప్రదక్షిణాలు చేశారు. ఆవిడ వెనక మేము, మా వెనక పిల్లలు. గోదావరి నీళ్ళు తిరిగి వచ్చేటప్పుడు దిగువన ఒక చెట్టు మొదట్లో పోసి దండం పెట్టుకున్నారు. మా ఆడపడుచు మాత్రం వ్యానెక్కే దాకా "అది శివుడు కాదమ్మా" అంటూనే ఉంది. ఆ వాదన ఇంకా తెగలేదు, ఇప్పటికీ పండక్కి కలిస్తే మళ్ళీ మొదలవుతుంది.

నాకైతే ఇద్దరి మాటలోనూ నిజం కనిపించింది. కట్టింది బౌద్ధులే, సందేహం లేదు. కానీ భిక్షువులు వెళ్ళిపోయిన తర్వాత కొన్ని వందల ఏళ్ళు ఆ కొండ మీద ఎవరుంటారు చెప్పండి? పశువుల కాపరులు, కట్టెలకు వచ్చే ఆడవాళ్ళు, చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. 'దేవుడు' అనుకున్నారు కాబట్టి స్వామి అని పేరు పెట్టుకుని దండం పెట్టారు. మామూలు బండ అనుకుంటే ఆ రాళ్ళు ఏ ఇంటి పునాదిలోకో, ఏ రోడ్డుకింద కంకరలోకో వెళ్ళిపోయి ఉండేవి. అమరావతి స్తూపానికి జరిగింది అదే కదా! 1790ల్లో దొరవారు కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్ళేటప్పటికే స్తూపం రాళ్ళూ ఇటుకలూ పీకి కట్టడాలకి వాడేస్తున్నారు. మిగిలిన శిల్పాల్లో చాలా భాగం మద్రాసు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన వాళ్ళు చూడాలంటే సముద్రం దాటాలి. గుంటుపల్లి స్తూపం ఉన్నచోటనే ఉంది. తెలిసో తెలియకో మొక్కుకున్న ఆ పల్లె ఆడవాళ్ళకి అందులో కొంత పుణ్యం దక్కాలి.

మొక్కుబడి స్తూపాలు

గుహ నుంచి పైకి వెళితే విశాలంగా చదునైన చోటు ఉంటుంది. అక్కడ చిన్నా పెద్దా స్తూపాలు బారులు తీరి ఉంటాయి. అరవై దాకా ఉంటాయంటారు. కొన్ని రాతివి, కొన్ని ఇటుకలవి. కొన్ని దిమ్మల వరకే మిగిలాయి. వీటిని మొక్కుబడి స్తూపాలంటారు. తిరుపతిలో నిలువుదోపిడీ ఇచ్చినట్టు, అన్నవరంలో వ్రతం చేయించుకున్నట్టు, ఆ కాలంలో కోరిక తీరినవాళ్ళు, తల్లిదండ్రుల పేరు నిలబెట్టాలనుకున్నవాళ్ళు ఇలా చిన్న స్తూపం కట్టించేవారు. ఉన్నవాడు పెద్దది, లేనివాడు చిన్నది. సాయంత్రం ఎండ పడుతున్నప్పుడు ఆ బారులు చూస్తే, వడియాలు ఎండబోసిన మేడ గుర్తుకు వచ్చి నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒక్కొక్క దిమ్మ వెనకా ఒక ఇల్లు ఉందే అనిపించి ఆగిపోయాను. బిడ్డకి జబ్బు తగ్గాలనో, ఓడెక్కి వెళ్ళినవాడు క్షేమంగా తిరిగి రావాలనో ఎవరు ఏం కోరుకున్నారో!

ఇంకోచోట పడిపోయిన మండపం స్తంభాలున్నాయి. వాటి మీద శాసనం ఉంది. సిరిసద అనే రాజుగారి దగ్గర లేఖకుడుగా పనిచేసిన చుళగోమ అనే ఆయన ఈ మండపం దానం చేశాడని. సిరిసద మహామేఘవాహన వంశం రాజు, కళింగానికి ప్రభువు. లేఖకుడంటే రాతకోతలు చూసే ఉద్యోగి. మనింట్లో గుమాస్తా ఉద్యోగం చేసే మనిషి జీతంలో మిగిల్చి గుడికి ఫ్యాను ఇచ్చి దాని రెక్కల మీద పేరు రాయించుకున్నట్టే! మనిషి మారలేదండీ, ఫ్యాను వచ్చిందంతే.

భిక్షువులు ఉండే గదులను విహారాలంటారు. కొండని తొలిచి, గుమ్మాల మీద గుర్రపు లాడం ఆకారంలో కమానులు చెక్కారు. భిక్షువులు మామూలు రోజుల్లో ఊరూరా తిరిగేవారు. వానాకాలం మూడు నెలలూ మాత్రం ఒకచోటనే ఉండిపోవాలని నియమం. దానిని వర్షావాసం అంటారు. మన స్వాములవార్ల చాతుర్మాస్యం లాంటిదే. వానల్లో తిరిగితే పురుగూ పుట్రా కాళ్ళ కింద పడతాయని. ఆ మూడు నెలలూ వాళ్ళకి అన్నం ఎవరు పెట్టారు? కొండ మీద పొయ్యి వెలిగించుకునేవారు కాదు, భిక్షకి దిగి ఊళ్ళోకి వచ్చేవారు. అంటే కింద ఊళ్ళో ఎవరో ఒక ఇల్లాలు పొద్దున్నే లేచి ఇంటివాళ్ళతో పాటు వాళ్ళకీ ఒక చేరెడు బియ్యం ఎక్కువ పోసింది. చరిత్ర పుస్తకాల్లో రాజుల పేర్లే ఉంటాయి గానీ, ఆ చేరెడు బియ్యం లేకపోతే ఏ విహారమూ నిలిచేది కాదు.

బోధిసిరి చేసిన దానం

ఆడవాళ్ళ పేర్లు అసలు లేవనడానికి కూడా లేదు. మన తెలుగునేల మీద బౌద్ధ స్థలాల్లో ఆడవాళ్ళు చేసిన దానాలు ఎన్నో ఉన్నాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజుల కాలంలో, అంటే క్రీస్తు తర్వాత 3వ శతాబ్దంలో, రాజుగారి చెల్లెలు చాంతిసిరి మహాచైత్యానికి పెద్ద దాత. ఆవిడంటే రాజవంశం. నాకు నచ్చినావిడ బోధిసిరి. రాణి కాదు, ఒక గృహస్థు ఇల్లాలు. నాగార్జునకొండలో చైత్యగృహం కట్టించింది. కృష్ణాజిల్లా ఘంటసాల స్తూపం దగ్గర రాతి మండపం కట్టించింది. ఆవిడ శాసనంలో తన పేరు ఒక్కటే వేయించుకోలేదు. భర్త, అత్తమామలు, వాళ్ళ తరఫు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పుట్టింటివాళ్ళు, ఇలా అందరినీ పేరుపేరునా తలచుకుంది. మన సంకల్పంలో "సహకుటుంబానాం" అంటాం చూడండి, అలా. పదిహేడు వందల ఏళ్ళ కిందట కూడా ఇల్లాలు దానం చేస్తే ముందు బంధువుల జాబితా తయారయ్యేదన్నమాట!

నాగార్జునసాగర్ కట్టినప్పుడు ఆ లోయ మొత్తం నీళ్ళలో మునిగింది. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీదకి, ఒడ్డుకి తెచ్చి మళ్ళీ పేర్చారు. ఇప్పుడది దీవి, లాంచీలో వెళ్ళి చూస్తాం. గుంటుపల్లిని నీళ్ళేమీ ముంచలేదు, ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఆ అదృష్టం ఎంత గొప్పదో నాగార్జునకొండ చూసి వచ్చినవాళ్ళకి తెలుస్తుంది.

సముద్రాల అవతల

ఇలాంటి చోట్లు మనకే కాదు. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యలో తాహితీ దీవులకు దగ్గర్లో రయతేయా అని ఒక దీవి ఉంది. అక్కడి పాలినీషియా జనం పూజలకి రాళ్ళు పరిచిన చదును కట్టేవారు. దాన్ని మరాయె అంటారు. కప్పు ఉండదు, ఆకాశమే కప్పు. రయతేయాలో ఉన్న తపుతపుఆతెయా మరాయె వాటన్నిటికీ తల్లి లాంటిది. కొత్త దీవికి పడవలో వలస వెళ్ళేవాళ్ళు అక్కడి నుంచి ఒక రాయి పట్టుకెళ్ళి, దాన్ని నాటి అక్కడ కొత్త మరాయె కట్టుకునేవారట. పుట్టింటి నుంచి తులసిమొక్క తెచ్చుకుని అత్తింట్లో నాటుకున్నట్టు!

తర్వాత 19వ శతాబ్దం మొదట్లో పాదరీలు వచ్చి జనం క్రైస్తవంలో కలిశాక అక్కడి పూజలు ఆగిపోయాయి. మరాయె పాడుపడింది. మళ్ళీ వాళ్ళ మనవలకీ మునిమనవలకీ మనసు పుట్టింది. 1995లో దూరదూర దీవుల నుంచి పాతకాలపు తెరచాప పడవల్లో అక్కడికి వచ్చి కలుసుకున్నారు. 2017లో యునెస్కో వాళ్ళు దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆగిపోయిన దాన్ని మళ్ళీ మొదలుపెట్టడానికి వాళ్ళు అంత సముద్రం దాటవలసి వచ్చింది. మన గుంటుపల్లిలో పేరు మారింది గానీ దండం ఆగలేదు. మనం దాటవలసింది కొవ్వూరు వంతెన ఒక్కటే.

మన చెయ్యి మనకే తెలియాలి

ఇంత చెప్పాక చెప్పక తప్పని మాట ఇంకొకటి ఉంది. భక్తి కాపాడింది నిజమే. ఇప్పుడు ఆ భక్తే రాయిని తినేసే ప్రమాదం ఉంది. పూర్వం ఏడాదికి ఒక్కసారి ఒక ఊరి జనం వచ్చేవారు. ఇప్పుడు అందరికీ బళ్ళున్నాయి, రోడ్డుంది. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక దీపం, ఒక కర్పూరం బిళ్ళ, ఒక కొబ్బరికాయ అనుకుంటే ఏడాదికి ఎంతవుతుంది? నూనె మరక స్టవ్ బండ మీద పడితేనే సోడా వేసి, నిమ్మచెక్క వేసి రుద్దుతాం. రెండు వేల ఏళ్ళ ఇసుకరాయిని ఏం పెట్టి రుద్దుతాం? రుద్దితే రాయే పొడి రాలుతుంది. బజారు కుంకుమలో కలిపే రంగులు పీల్చుకుంటే మరి పోవు. కొబ్బరినీళ్ళకి చీమలు పడతాయి.

ఇది చాలదన్నట్టు, కుర్రకారు మేకుతో గోడల మీద పేర్లు గీస్తారు. ఫలానా ప్లస్ ఫలానా అని, మధ్యలో గుండె బొమ్మ. ఆ చుళగోమ పేరు గీసుకున్నాడంటే మండపం కట్టించి గీసుకున్నాడు, ఊరికే గీసుకోలేదు! ఇలాంటి రక్షిత స్థలాలను పాడుచేస్తే 1958 చట్టం ప్రకారం శిక్ష ఉంది. 2010లో దాన్ని ఇంకా గట్టి చేశారు. రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పిల్లలకి ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్ళండి. కానీ చట్టం కన్నా అమ్మ కంటిచూపు ఎక్కువ పనిచేస్తుందని మనందరికీ తెలిసిందే.

పూజ మానేయమని నేననడం లేదు. అలా అంటే మా అత్తయ్యగారే ఊరుకోరు. పూజ ఎలాగన్నదే మాట. నిజానికి ఆ చోటు కట్టిందే ప్రదక్షిణానికి. అదొక్కటి చేస్తే చాలు, ఏమీ తక్కువ కాదు. దీపం ఇంటికి వచ్చి తులసికోట దగ్గర పెట్టుకోవచ్చు. ధర్మలింగేశ్వరుడనే వారు అలా మొక్కుకుంటారు, బుద్ధుడనే వారు ఇలా మొక్కుకుంటారు. ఇద్దరి కాళ్ళూ తిరిగేది ఆ ఒక్క ఇరుకు దారిలోనే. ముందున్నవాళ్ళు తిరిగేదాకా వెనకవాళ్ళు ఆగితే సరిపోతుంది.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

ఎండాకాలం వద్దు. రాయి కాగిపోతుంది, నీడ తక్కువ. కార్తీకం నుంచి మాఘం దాకా బాగుంటుంది. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి దిగిపోయేలా చూసుకోండి.

మెట్లు చాలా ఎక్కాలి. జారని చెప్పులు వేసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి చేతికర్ర ఉంటే మంచిది. తొందరపెట్టకండి, కూర్చుని కూర్చుని ఎక్కనివ్వండి.

తాగే నీళ్ళు మనిషికి ఒక సీసా చొప్పున ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. గుహలో వెలుతురు తక్కువ, చిన్న టార్చిలైటు ఉంటే పైకప్పు పని బాగా కనిపిస్తుంది.

అన్నం సంగతి మనకి చెప్పాలా! చింతపండు పులిహోర సాయంత్రం దాకా పాడవదు. దద్దోజనం మధ్యాహ్నానికి పులవకుండా ఉండాలంటే, మెత్తగా వండిన అన్నం చల్లారాక గోరువెచ్చని పాలు ఎక్కువగా పోసి, పెరుగు ఒక్క గరిటె మాత్రం కలపండి. తినే వేళకి అదే తోడుకుని కమ్మగా ఉంటుంది. ఉప్పు తినేముందు కలుపుకుంటే ఇంకా మంచిది. తాలింపులో అల్లం, కరివేపాకు మరవకండి. స్తూపాల దిమ్మల మీద కూర్చుని మాత్రం తినకండి. అవి అరుగుల్లా ఉంటాయి గానీ అరుగులు కావు, ఎవరి మొక్కుబడో. కిందకి దిగి చెట్ల నీడన తినండి. విస్తళ్ళు, కవర్లు సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చేయండి.

ఇంకొక్కటి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వెంటపెట్టుకుని వెళ్ళండి. అక్కడ బోర్డు మీద ఉన్నది పిల్లలు చదివి చెబుతారు, బోర్డు మీద లేనిది పెద్దవాళ్ళు చెబుతారు. వాదించుకుంటే వాదించుకోనివ్వండి. అటు పుస్తకం, ఇటు మొక్కు రెండూ విన్న పిల్లలు పెద్దయ్యాక ఆ గోడ మీద మేకు పెట్టరు.